ఉద్దానమునకు వలసిన చదువు

బారువ తీరమున నిలిచి చూచువారికి ఉద్దానము రోగములకు నెలవని తోచదు. మహేంద్రతనయ సముద్రమున గలియు తావు, ఇరుప్రక్కల కొబ్బరితోపులు, వాని వెనుక జీడిమామిడియు పనసయు. ఉద్యానమే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ తోపుల నీడనే, ఇచ్ఛాపురము, కవిటి మొదలు వజ్రపుకొత్తూరు వరకు గల మండలములలో, మధుమేహముగాని రక్తపుపోటుగాని యెరుగని రైతులును కూలీలును మూత్రపిండములు చెడి క్షీణించుచున్నారు. 2019లో ప్రచురితమైన యొక వైద్యపరిశీలన ప్రకారము ఈ ప్రాంతపు వయోజనులలో నూటికి సుమారు 18 మందికి మూత్రపిండవ్యాధి గలదు. వారిలో అధికసంఖ్యాకులకు దాని హేతువేదో తెలియరాలేదు.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని యున్నదని మేమనము. డయాలిసిస్ కేంద్రములు నెలకొన్నవి. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును, హిరమండలము జలాశయమునుండి నీరు దెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును ప్రారంభింపబడినవి. విశాఖపట్టణమునకు బోలేక ఇంటనే కన్నుమూసినవారి నెరిగిన వారెవ్వరును వీనిని చులకన చేయరు. అయినను పడక యనునది రోగి వచ్చిన పిమ్మటి మాట. ఈ రోగము చప్పుడు లేక వచ్చును. ఒంటికి వాపు, ఆకలిలేమి గనుపించునప్పటికే మూత్రపిండముల శక్తి చాలవరకు పోయియుండును. అటుపై వారమునకు రెండు మూడు మార్లు, మారునకు నాలుగేసి గంటలు యంత్రముకడ నుండవలసినదే. పోయిన కూలిదినములు, బండి కిరాయి, తోడు వచ్చువాని కూలి, వీనిని లెక్కగట్టినవా రెవరు?

హేతువు నీటిలోని సిలికా యని కొందరు, భారలోహములని కొందరు, పురుగుమందులని, మండుటెండలో శ్రమయని, నొప్పి మాత్రలని, వంశపారంపర్యమని మరికొందరు చెప్పుచున్నారు. ఏ యొక్కటియు నిశ్చయముగ స్థాపితము గాలేదు. లంకలో ఉత్తర మధ్య రాష్ట్రపు వరిరైతులును, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకుతోటల కూలీలును ఇట్టి వ్యాధికే గురియగుచున్నారు. అచటను చిక్కు పూర్తిగ విడలేదు. మన పల్లెలకు పండితులు వచ్చిరి, రక్తము దీసికొనిరి, నీరు సీసాల బట్టిరి, పోయిరి. వారి నిష్ఠను మేము శంకింపము. కాని ఇది వచ్చిపోవువారివలన దేలు చిక్కు గాదు. ఏ యూర, ఏ వీధిలో, ఏ యీడున, ఏ పనివానికి, ఏ బావినీరు త్రాగువానికి రోగము తగిలినది? పొరుగింటివాని కేల తగులలేదు? వలసపోయి పదేండ్లకు దిరిగివచ్చినవాని సంగతి యేమి? ఇల్లిల్లు దిరిగి, ఏటేట దిరిగి, ఈ ప్రశ్నలడిగి వ్రాసియుంచువా రుండవలెను. ఆ పనికే ప్రజారోగ్యశాస్త్రమని పేరు.

1854లో లండన్ నగరమున కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మరణము లే యిండ్ల జరిగినవో గుర్తించి, ఆ యిండ్లవారు నీరు గొనిపోవు చేతిపంపు నొకదానిని పట్టియిచ్చెను. అంత దూరమేల? 1937లో నాటి నెల్లూరు జిల్లా, నేటి ప్రకాశము జిల్లా పల్లెలలో నడుములు వంగి, కీళ్లు బిగిసిన జనుల వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు హేతువని లోకమునకు వెల్లడి చేసిరి. హేతువు తెలిసిన పిమ్మటనైనను ఆ నీరు వెంటనే మారినదా యన్న, అది వేరొక కథ. మన పాలకుల ఘనతకు సంబంధించిన కథ!

ఇట్టి విద్య మన దేశమున లేకపోలేదు. 1932లో కలకత్తాలో అఖిలభారత ప్రజారోగ్యసంస్థ వెలసినది. హైదరాబాదున 2008లో మరియొక సంస్థ యేర్పడినది. అయితే ఈ ద్వారములు బహుభాగము అదివరకే యొక పట్టము పుచ్చుకొనినవారికి దెరచుకొనునవి. రోగిని జూచుట నేర్చిన పిమ్మట ఊరిని జూచుట నేర్పుచున్నారు. అమెరికాలో 1987లోనే డేవిడ్ ఫ్రేజర్ అను వైద్యుడు, వ్యాధివ్యాప్తిశాస్త్రము సామాన్యవిద్యలో భాగము గావలెనని వాదించెను. 2003లో ఆ దేశపు వైద్యపండితమండలి, ప్రతి పట్టపు విద్యార్థికిని ప్రజారోగ్యవిద్య యందుబాటున నుండవలెనని సిఫారసు చేసెను. నేడచట పెక్కు కళాశాలలలో అది పట్టపరీక్షకు ప్రధానవిషయము.

ఎచ్చెర్లలో 2008లో నెలకొన్న అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఈ విద్యను పట్టపరీక్షకు ప్రధానవిషయముగ నేల బెట్టరాదు? గణితము, నీటి పరీక్ష, జననమరణముల లెక్క, పొలము పనివాని దేహధర్మము, దానితోపాటు అడుగుట యెట్లో వినుట యెట్లో నేర్పవలెను. బారువ, కవిటి, మందస పల్లెలే వారి ప్రయోగశాల గావలెను. ఉద్దానమున తెలుగును ఒడియాయు రెండును మాటలాడువారు గలరు; అవ్వ తాను మ్రింగు మాత్రల పేరు చెప్పలేక కాగితపు రంగు చెప్పునప్పుడు దాని నర్థము చేసికొనువాడు ఆ యూరి బిడ్డయే. ఊరివారికి శాస్త్రమేమి తెలియునని నవ్వువారు సోంపేట బీలభూములను జ్ఞాపకము చేసికొందురు గాక. విద్యుత్కేంద్రమునకై పనికిరాని భూమియని చూపబడిన యచ్చోటు తమ జీవనాధారమైన చిత్తడినేలయని రైతులును మత్స్యకారులును ముందుగనే చెప్పిరి. వారి మాట వినబడుటకు 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు ప్రాణములు గోల్పోవలసివచ్చెను.

చదివినవానికి ఉద్యోగ మేదియని తండ్రులడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పదవి లేని పట్టము పేదకుటుంబమునకు ద్రోహమే. 2017 జాతీయ ఆరోగ్యవిధానము రాష్ట్రములందు ప్రజారోగ్యనిర్వహణకై ప్రత్యేక ఉద్యోగిశ్రేణి నేర్పరచవలెనన్నది. 2022లో కేంద్రప్రభుత్వము దానికి మార్గదర్శకములు గూడ వెలువరించినది. ఉద్దానము మదరాసు రాజధానిలో నుండగనే, 1939లో, ఆ రాజధానికి ప్రజారోగ్యచట్టము గలిగినది. తమిళనాడు ఆ సంప్రదాయమును నిలుపుకొని ప్రజారోగ్యమునకు వేరు శాఖను నడుపుచున్నది. అదే వారసత్వము గల మన కేల యీ శ్రేణి కొరవడవలెను?

కావున ప్రభుత్వమువారికి మా విన్నపమిది. మొదట పదవులను ప్రకటింపుడు: ఉద్దానపు మండలమున కిద్దరేసి, ఆ మండలపు వారికే ప్రాధాన్యము. పిదప ఎచ్చెర్లలో తరగతి దెరువుడు. మొదటి యేటి విద్యార్థులకు మొదటి పాఠముగ, ఇరువదియేండ్లలో తమ యూర మరణించినవారి పేరు, వయస్సు, వృత్తి, త్రాగిన బావి వ్రాసికొని రమ్మనుడు. ఆ పట్టిక పలాస పరిశోధనకేంద్రపు బల్లమీద నుండవలెను.