సాక్షి అన్నదొకటి, కాగితం మీదికొచ్చిందొకటి

మా పక్కింటి అక్క కూతురు డిగ్రీ అయిపోయి, టైపు హయ్యర్ కూడా పాసయింది. షార్ట్‌హ్యాండ్‌లో చేరి కోర్టు స్టెనో ఉద్యోగానికి ప్రయత్నించాలని ఆశ. మొన్న వచ్చి, "పిన్నమ్మా, కేరళ కోర్టుల్లో మిషనే సాక్ష్యం రాసేస్తోందంట. ఇంక నేను నేర్చుకుని ఏం లాభం?" అంది.

ఆ పిల్ల విన్నది నిజమే. 2025 నవంబరు 1 నుంచి కింది కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలను మాట విని అక్షరాలుగా మార్చే కృత్రిమ మేధ సాయంతోనే నమోదు చేయాలని కేరళ హైకోర్టు ఆదేశించింది. అంతకుముందే, 2023 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టులో రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలను ఇలాగే అక్షరాల్లోకి మార్చి చూశారు. అయితే ఢిల్లీలో వకీళ్ల ఇంగ్లీషు వేరు, మన సీమలో సాక్షి నోటి మాట వేరు!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా కోర్టులున్నాయి. కుప్పం దాటితే ఓ వైపు తమిళం, ఓ వైపు కన్నడం. ఒకే మనిషి మూడు భాషలూ కలిపి మాట్లాడేస్తుంది. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడ పెట్టింది ఊరికే కాదు కదా! మనం వరిమడిని 'కయ్య' అంటాం. "కయ్యకాడ చూసినాను" అని ఓ ముసలమ్మ చెబితే, ఆ మాట ఎరగనివాళ్లు 'కయ్యం దగ్గర' అని రాసుకుంటే ఏమవుతుంది? పొలం కాస్తా పోట్లాట అయిపోతుంది. మనిషైతే "కయ్యంటే ఏందమ్మా?" అని జడ్జిగారి ద్వారా అడిగించుకోవచ్చు. మిషను అడగదు. తప్పు దొర్లిందని పట్టుకునేందుకు ఆ యాస తెలిసిన మనిషి పక్కన ఉండి తీరాలి.

మిషను రాకముందు అంతా సవ్యంగా ఉండేదని కాదు. చాలా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతుంది, జడ్జిగారు విని ఇంగ్లీషులో చెబుతారు, టైపిస్టు కొడతారు. రెండు జల్లెడలు దాటి వస్తుందన్నమాట.

అది నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట మా వీధిలో ఒకామె కేసులో సాక్ష్యం చెప్పాను. "పొద్దు గూకినాక అరుపులు వినబడి పోయినాను. ఆయమ్మ గడప మీద కూలబడి ఉంది" అన్నాను. కాగితం మీద 'సాయంత్రం', 'కూర్చుని ఉంది' అని వచ్చింది. తర్వాత వాయిదాలో అవతలి వకీలు, "సాయంత్రమంటే ఐదు గంటలా? ఆ వేళ భర్త ఇంట్లోనే లేడే! గడప మీద ఊరికే కూర్చోకూడదా?" అని గుక్క తిప్పుకోనివ్వలేదు. తప్పు నాదీ ఉంది. డిగ్రీ చదివినదాన్ని, చదవకుండానే సంతకం పెట్టేశాను! కేసు ఏమైందో రాయను. ఆయమ్మ ఇప్పటికీ మా వీధిలోనే ఉంటోంది.

2023 జనవరి 30న నయీమ్ అహ్మద్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతే పట్టించుకుంది. కొన్ని కోర్టుల్లో సాక్ష్యాన్ని జడ్జి చేసిన ఇంగ్లీషు అనువాదంగా మాత్రమే నమోదు చేయడాన్ని తప్పుపట్టి, సాక్షి చెప్పిన భాషలోనే ఉండాలంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 312వ సెక్షన్ చెప్పేదీ అదే. 313వ సెక్షన్ మనలాంటివాళ్లకు మరీ ముఖ్యం. రాసిన సాక్ష్యాన్ని చదివి వినిపించాలి, అవసరమైతే దిద్దాలి. సాక్షికి రాని భాషలో ఉంటే అర్థమయ్యేలా చెప్పాలి. దిద్దడానికి జడ్జిగారు ఒప్పుకోకపోయినా, సాక్షి అభ్యంతరాన్ని రాసిపెట్టాలి. కాబట్టి అడగడానికి సిగ్గుపడకండి!

ఇక ఆ పిల్ల అడిగిన పనికి వస్తాను. నిమిషానికి 45 మాటల టైపు వేగం పరీక్షకు చాలుతుంది. కోర్టులో చెవి కావాలి, ఓర్పు కావాలి. పైగా తన తెలివిని పక్కన పెట్టగలగాలి. నేను కథలు రాసేదాన్ని. ఎవరి నోట ఏ మాట విన్నా ఇంకాస్త బాగుండేలా దిద్దడం నా జబ్బు. కోర్టులో రాసేవాళ్లకు అది పనికిరాదు. వ్యాకరణం తప్పినా, బూతైనా, అన్నది అన్నట్టు పడాలి. సాక్షి ఏడ్చిందనీ, తడబడిందనీ రాసుకునే అధికారం జడ్జిదే. జాలిపడి స్టెనో ఓ మాట చేర్చకూడదు.

నోరు కట్టుకోవడం అన్నింటికంటే కష్టం. మనవి చిన్న ఊళ్లు. సంతలోనో బస్టాండులోనో ఎవరో ఒకరు "ఆ పిల్ల కేసులో ఏం చెప్పిందంట?" అని అడగనే అడుగుతారు. అత్యాచార బాధితురాలి పేరో, గుర్తుపట్టే వివరమో ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. అచ్చు వేయకుండా చెవిలో ఊదినా పరువు పోయేది ఆ పిల్లదే. కక్షిదారు అన్నం పెడతానన్నా, బండిలో దింపుతానన్నా వద్దనాలి. దగ్గరి చుట్టం కేసు వస్తే ముందే అధికారికి చెప్పి తప్పుకోవడం మేలు.

ఇదంతా విని ఆ పిల్ల, "అయితే చేరమంటావా, పిన్నమ్మా?" అంది. చేరమన్నాను, తెలుగు టైపు కూడా కట్టమన్నాను. ఫీజు సంగతి వాళ్ల నాయనతో నేనే మాట్లాడాలట.