కలుపులో కూర ఉంది, మందు కొట్టేముందు చూడండి

తొలకరి పడి పదిహేను, ఇరవై రోజులు గడిస్తే చేలో మనం విత్తినవే కాదు, విత్తనివి కూడా మొలుస్తాయి. గంగవాయిలి, చెంచలి, గునుగు, తుమ్మి, తగిరంచ, చిలక తోటకూర... పైరు బాగు చూసే రైతుకు ఇవన్నీ కలుపే. అదే ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ఇవన్నీ కూరలే. ఈ రెండు చూపులకూ మొన్నమొన్నటి దాకా తగాదా లేదు. కలుపు తీసేదీ, కూర వండేదీ ఒకరే కాబట్టి. పొద్దంతా వంగి కలుపు తీసిన ఆడవాళ్లు ఇంటికి పోయేటప్పుడు లేత కొసలు గిల్లి ఒడిలో వేసుకునేవారు. చేనుకు కలుపు పోయేది, ఇంటికి కూర వచ్చేది.

కలుపు మందు వచ్చాక ఈ లెక్క తప్పింది. పత్తి, కంది విత్తిన ఒకటి, రెండు రోజుల్లోనే పెండిమిథాలిన్ కొడుతున్నాం. మక్కలో అట్రజిన్, సోయాలో ఇరవై రోజులకు ఇమాజెథాపిర్. కూర మొలవాల్సిన నెల రోజులూ నేల బోసిగా ఉంటోంది. మందు కొట్టడం తప్పని ఇక్కడ ఎవరూ అనడం లేదు. రెండెకరాల రైతు మూడుసార్లు కూలీలను పెట్టి కలుపు తీయించగలడా? పైసలున్నా మనుషులు దొరకడం లేదు. పత్తికైనా కందికైనా మొదటి యాభై, అరవై రోజులు కలుపు ఉంటే దిగుబడి పోతుందన్నది నిజమే. కానీ మందు కొట్టే రైతు ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దాని గురించి మన దగ్గర మాట్లాడేవారే లేరు.

గ్లైఫోసేట్ కొట్టిన మొక్క ఆ రోజే ఎండదు. నాలుగైదు రోజులు పచ్చగానే కనబడుతుంది. ఆ తర్వాత పసుపు తిరిగి, మెల్లగా మాడుతుంది. ఆ నాలుగైదు రోజుల్లో ఆ దారిన పోయే ఆడమనిషి గంగవాయిలి నవనవలాడుతోందని తెంపుకుపోతే ఆమెకు ఎట్లా తెలుస్తుంది? మందును ఆకు లోపలికి పీల్చుకుని వేరు దాకా పంపుతుంది. అంటే కడిగితే పోదు, ఉడికిస్తే పోదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఈ మందును లైసెన్సు ఉన్న చీడపీడల నివారణ ఆపరేటర్లు తప్ప మరొకరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కాగితం మీద ఉంది, డబ్బా చేలో ఉంది. అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం వేసినవాళ్లయితే చేనంతా పచ్చగా ఉండగానే పైనుంచి కొట్టేస్తున్నారు. పత్తి బతికే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు.

కాబట్టి మందు కొట్టిన రైతు గట్టు మీద ఒక కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టాలి. రెండు రూపాయల ఖర్చు లేని పని. వాడలో, కూలీల గుంపులో ఒక మాట చెప్పాలి, 'ఈ చేల కూర తెంపకండ్రి, మందు కొట్టిన' అని. వ్యవసాయ విస్తరణ అధికారులు రైతు వేదికల్లో ఎకరానికి ఎంత మందు అని చెబుతారు. కూర తెంపేవాళ్ల సంగతి కూడా ఆ మీటింగులోనే చెబితే ఏం పోతుంది? పిచికారీ మగవాళ్ల పని అని ఆ సమావేశాలకు మగవాళ్లనే పిలుస్తారు. కూర తెంపేది ఆడవాళ్లు. లోపం అక్కడే ఉంది.

రెండో మాట. చేనంతా మందు కొట్టాల్సిన పని లేదు. గట్లు, గట్టు పక్కన రెండు సాళ్లు, బావి దగ్గరి మూల వదిలేయండి. గాలి అటు వీచేటప్పుడు పిచికారీ చేయకండి. అక్కడ నాలుగు మొక్కలు గింజ కట్టేదాకా ఉంటే మళ్లీ ఏడాది కూరకు ఢోకా లేదు. గునుగు మాత్రం ఎక్కువ వదలకండి, గింజ రాలిస్తే కందిచేనును కమ్మేస్తుంది. బతుకమ్మకు కావాల్సిన పువ్వు వరకు ఉంచుకుంటే చాలు.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ వైపు ఇది కొత్త సంగతి కాదు. పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లు జొన్న, కొర్ర, కంది కలిపి వేసే చేలల్లో మందులు వాడరు. విత్తకుండా మొలిచిన కూరను కూడా వాళ్లు చేను ఇచ్చిన పంటగానే లెక్క కడతారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అందరం వాళ్లలాగే సేద్యం చేయలేకపోవచ్చు. కానీ కూరను లెక్కలోకి తీసుకోవడం నేర్చుకోవచ్చు కదా.

ఈ లెక్క చిన్నదేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆకుకూర ఒక్కటే దాన్ని తీర్చదు, డాక్టరు ఇచ్చిన ఐరన్ గోళీలు మానొద్దు. కానీ సంతకు పోతే వంద రూపాయలకు సంచి అడుగు నిండని రోజుల్లో, ఉత్తగా దొరికే కూరను మందు పెట్టి చంపి, ఊరి బయటి నుంచి వచ్చిన క్యాబేజీ కొనుక్కోవడం ఏం సేద్యం? 'కలుపు కూర తినే గతి పట్టిందా' అని నవ్వేవాళ్లున్నారు. కంచెల మీద పాకే బోడకాకర పట్నంలో కిలో 200 రూపాయలు దాటితే మాత్రం ఎవరూ నవ్వరు.

వండే తీరు ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు, కొత్త కోడళ్ల కోసం రెండు మాటలు. గంగవాయిలి (కోస్తా వైపు పాయలకూర అంటారు) దానికదే పుల్లగా ఉంటుంది, పప్పులో చింతపండు తగ్గించి ఎల్లిపాయ పోపు పెట్టాలి. గునుగు పూతకు రాకముందే తెంపి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేయిస్తే జొన్నరొట్టెలోకి బాగుంటుంది. వినాయక చవితికి వండే తుమ్మికూర కొంచెం చేదు, చింతపండు పులుసు పడితేనే రుచి. తగిరంచ లేత ఆకే తినాలి, ఒకసారి ఉడికించి నీళ్లు పారబోసి నువ్వుల పొడి చల్లాలి. ఏ కూరైనా తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు గంగవాయిలి, తోటకూర లాంటివి తగ్గించాలి, తిన్నా ఉడికించిన నీళ్లు పారబోసుకోవాలి. పొన్నగంటి కాలువల వెంట ఏడాదంతా దొరుకుతుంది కానీ మురుగు కాలువ పక్కది, ఫ్యాక్టరీ నీళ్లు పారేచోటిది ముట్టొద్దు.

గుర్తు తెలియని ఆకును తెలిసిన మనిషికి చూపించకుండా కుండలో వేయకండి. ముఖ్యంగా ఉమ్మెత్త లేత మొలకలు తోటకూరతో కలిసి వస్తాయి. నలిపితే వాసన తేడాగా ఉంటుంది. పొరపాటున తింటే నోరు ఎండిపోతుంది, చూపు మసకబారుతుంది, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. దయ్యం పట్టిందని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. పోయేటప్పుడు మిగిలిన ఆకు కూడా పట్టుకుపోతే డాక్టరుకు పని సులువవుతుంది.