కుమారుడు విడిచి వెళ్లిన నవల

మన సంఘ గ్రంథాలయములో 'అంపశయ్య' నవల ఉంచరాదని కార్యవర్గమున ఇరువురు పెద్దలు అభిప్రాయపడిరి. వారిపై గౌరవము తగ్గకయే నా భిన్నాభిప్రాయమును పాఠకులకు విన్నవించుచున్నాను.

నేను పదవ తరగతితో చదువు చాలించి దుప్పట్ల దుకాణమున కూర్చున్నవాడను. నా పెద్ద కుమారుడు నిరుడు తెలుగు ఎం.ఏ. చదువుటకు హైదరాబాదు వెళ్లినాడు. సోలాపురములో 2004 నుండి విశ్వవిద్యాలయ ముండగా అంత దూరమేల యని కసిరితిని. "తాతలు మగ్గము నమ్ముకొని తెలంగాణము నుండి ఇటు వచ్చిరి. నేను భాష కొరకు అటు పోవుచున్నాను" అనెను. దసరా సెలవులకు వచ్చి, పోవునపుడు ఈ పుస్తకమును మరచెనో, కావలెననియే విడిచెనో తెలియదు.

నవీన్ రచించిన ఈ నవల 1969లో వెలువడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువు రవి యను పల్లెటూరి పేద విద్యార్థి యొక్క ఒక్కదినపు కథ యిది. సంఘటనలు స్వల్పము, తలపులే అధికము. ఖాతా పుస్తకములకు అలవాటుపడిన నాకు మొదట తల తిరిగినది. అయినను చేత పైకము లేని చింత, కలవారి నడుమ కించపాటు, తా నెట్టివాడో తనకే తెలియని తల్లడము చదువుచుండగా పుస్తకము మూయలేకపోతిని.

ఏలయన, భోజనశాల బకాయికి సొమ్మడిగిన నా కుమారుని ప్రతి రూపాయికి లెక్క చెప్పుమంటిని. పిమ్మట వాడు అడుగలేదు. ఫోనులో "అంతా బాగున్నది నాన్నా" అనుచుండెను. రెండు నెలలు రాత్రి భోజనము మానెనని వాని తల్లి వలన తరువాత తెలిసినది. రవి మనసులోని మాటలు నాకు వాని మాటలుగా వినవచ్చినవి. ఆ వయసున గల్లాపెట్టె వెనుకనున్న నేను, నే నెవడనని ఒక్కనాడు ప్రశ్నించుకొనలేదు. ఆ తీరికయే లేదు. వానిపై కొంత అసూయ కలిగెననుటకు సిగ్గుపడను.

స్త్రీలను గూర్చిన యువకుని తలపులు ఇందు దాపరికము లేక యున్నవని పెద్దల ఆక్షేపణ. నిజమే. బేరమునకు వచ్చినవారు చూతురేమోనని నేనును కొన్ని పుటలు చప్పున మూసితిని. అయితే పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసిన మాత్రమున మన పిల్లల మనసులలో ఆ తలపులు లేకపోవునా?

మరియొక మనవి. మన సంఘపు విద్యార్థి సహాయము కళాశాల రుసుముతో ఆగుచున్నది. భోజనపు ఖర్చునకు కూడ కొంత చేర్చవలెను. నా వంతు చందా నేను ముందుగా చెల్లింతును.

వచ్చు ఆదివారము సమావేశమునకు పుస్తకము తెచ్చెదను. ఆక్షేపించిన పెద్దలే మొదట చదువుదురు గాక. లోపల మావాని పేరున్నది, సంక్రాంతికి వాడు వచ్చులోపల తిరిగి ఈయవలెను.