రేవుల్లో రక్షణ ఏది?

సాలూరు వేగావతి నీరు చేరేది నాగావళిలోకే. ఆ నాగావళిపై కొమరాడ ప్రాంత గిరిజనులు దశాబ్దాల తరబడి నాటు పడవలనే నమ్ముకొని సంతకు, ఆసుపత్రికి వెళ్లివచ్చారు. ఆ తెడ్డు పనే ప్రపంచంలో పెద్ద క్రీడ. 1936 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 1,000 మీటర్ల జంట పడవ పందెంలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం కాంస్యం గెలిచారు. సునీల్ తండ్రి మణిపూర్ లోక్‌తక్ సరస్సులో చేపలు పట్టి బతికే మనిషి.

అయితే ఆ ఆటలో మొదటి పాఠం ఈత. పడవ తిరగబడితే ఏం చేయాలో ముందు నేర్పుతారు. కొత్తవారికి లైఫ్ జాకెట్ తొడుగుతారు. మరి మన రేవుల్లో? 2021 మే నెలలో సీలేరు జలాశయంలో నాటు పడవలు మునిగి వలస కూలీలు, పసిబిడ్డలు ప్రాణాలు కోల్పోయారు.

వంతెన కట్టడానికి కోట్లు కావాలి, ఏళ్లు పడుతుంది. జాకెట్లకు అంత అక్కరలేదు. వానలు ముదరకముందే పడవ తిరిగే ప్రతి రేవులోనూ అధికారులు వాటిని ఉంచాలి. ఎంతమంది ఎక్కవచ్చో పడవ మీదనే రాయించాలి. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఈత నేర్పించాలి. నిండిన పడవ ఎక్కకుండా మరో విడతకు ఆగడం మాత్రం ప్రజల వంతు. పిల్లలు క్షేమంగా ఒడ్డు చేరనీయండి, పతకాల మాట తరువాత.