చెయ్యని పాపానికి పరిహారం

మా మేనత్త కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. తొలకరి పడిన వారం. ఇంట్లో ఉక్కపోతగా ఉందని తల్లీకొడుకులు వసారాలో చాప పరుచుకుని పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక పిల్లాడు కడుపునొప్పి అంటూ లేచాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. అత్త వాము నమిలించి, వేణ్ణీళ్లు తాగించి పక్కన పడుకోబెట్టుకుంది. తెల్లవారేసరికి వాడి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. గాలి సోకిందన్నారు. పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. వేపమండలతో దిగదుడిచి, చెవిలో మంత్రం చదివి, తాయెత్తు కట్టేసరికి రెండు గంటలు పోయాయి. ఆసుపత్రికి వెళ్లే దారిలో, ఆటోలో, తల్లి ఒళ్లోనే వాడు ఊపిరి వదిలాడు. సాయంత్రం వసారా శుభ్రం చేస్తుంటే గోడ వారన కట్టెల కింద కట్లపాము కనబడింది.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. దాని కోరలు చిన్నవి. కాటు పడిన చోట నొప్పి, వాపు చాలాసార్లు తెలియనే తెలియవు. విషం నరాల నుంచి కండరాలకు అందాల్సిన కబురును ఆపేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత గొంతు పూడుతుంది, చివరికి ఊపిరి ఆడదు. ఇదంతా మాలో ఎవరికీ తెలియదు. అత్తకు అసలే తెలియదు.

ఆ తర్వాత అత్త అన్నం ముట్టలేదు. వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేది: "ముందే ఆసుపత్రికి తీసుకెళ్తే నా బిడ్డ బతికేవాడా?"

ఆ ప్రశ్నకు ఊళ్లో మూడు జవాబులు వచ్చాయి. పెద్దవాళ్లు "వాడి ఆయుష్షు అంతే, నుదుటి రాతను ఎవరు తప్పిస్తారు" అన్నారు. జాతకం చూసినాయన ఇది సర్పదోషం అన్నాడు. వంశంలో ఎవరో ఎప్పుడో పామును చంపి ఉంటారు, శాంతి చేయించాలి అన్నాడు. అత్త ఊళ్లోని ప్రార్థన మందిరానికి కూడా వెళ్లింది. అక్కడ "నీ పాపం ఒప్పుకో, ప్రభువు క్షమిస్తాడు" అన్నారు. ముగ్గురూ ఆమె మంచి కోరే చెప్పారు. ముగ్గురి మాటల వల్లా ఆమెకు ఎంతో కొంత ఊరట కలిగింది. నేను హేతువాదినే అయినా ఆ ఊరటను కాదనను. అత్త శాంతిపూజ చేయించి వచ్చిన రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయిందని నాకు తెలుసు.

అయితే ఆ ఊరట ఎక్కడి నుంచి వచ్చింది? నేను దగ్గరుండి చూశాను. పదకొండు రోజులూ ఇరుగుపొరుగు వంతులేసుకుని అన్నం తెచ్చారు. రాత్రిళ్లు పక్కన పడుకున్నారు. ప్రార్థన మందిరంలో నలుగురి మధ్య గొంతెత్తి ఏడ్చినా ఎవరూ వద్దనలేదు. పూజకు వెళ్లినప్పుడు, ఇన్నాళ్లూ ఏమీ చెయ్యలేకపోయిన చేతులకు ఏదో ఒక పని దొరికింది. ఆమెను నిలబెట్టినవి ఇవే. వీటిలో దేనికీ దోషమూ పాపమూ అక్కర్లేదు. మనిషి పక్కన మనిషి కూర్చుంటే చాలు.

ఆ ఊరటతో పాటు ఆమె నెత్తిన ఒక బరువు కూడా పడింది. సర్పదోషం అన్నమాట నిజమైతే ఆ బిడ్డ మరణం ఆ కుటుంబానికి పడిన శిక్ష. పాపం ఒప్పుకోమంటే ముందు పాపం ఉండాలి. అత్త ఏం పాపం చేసింది? రాత్రంతా మేల్కొని బిడ్డ కడుపు నిమిరింది. చెయ్యని పాపానికి క్షమాపణ ఇవ్వడమంటే ఆ పాపం చేశావని ముద్ర వెయ్యడమే. చాలా ఏళ్లు ఆమె పేరంటాలకు వెళ్లలేదు. పసిపిల్లల్ని ఎత్తుకోలేదు. తన నీడ వాళ్ల మీద పడకూడదనుకునేది. ఆ సిగ్గు ఆమెకు పుట్టుకతో రాలేదు, మనం నేర్పాం.

ఇలాంటి మాట ఎంత మంచి మనిషి నోట వచ్చినా హాని చేస్తుంది. 1934 జనవరిలో బీహార్ భూకంపం వేలమందిని బలిగొన్నప్పుడు, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీజీ. అంటరానితనం పోవాలన్న ఆయన తపన గొప్పది. అయినా ఆ మాటను రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా ఖండించారు. ప్రకృతి ఉత్పాతాలకు భౌతిక కారణాలే ఉంటాయని, వాటిని నీతితో ముడిపెట్టడం అవివేకమని వాదించారు. శిథిలాల కింద బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ రోజు ఎవరి మాట మేలు చేస్తుందో ఆలోచించండి.

నుదుటి రాత అన్న మాట వల్ల ఇంకో నష్టం ఉంది. అది కన్నీళ్లతో పాటు కారణాన్ని కూడా తుడిచేస్తుంది. రాతే అయితే మంత్రగాడి తప్పు లేదు. మందు దగ్గర్లో లేకపోవడం తప్పు కాదు. పిల్లాణ్ణి నేల మీద పడుకోబెట్టిన పేదరికమూ తప్పు కాదు. మా ఊరి పక్కన ఆ మంత్రం అలాగే సాగింది. అతని దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామంది బతికారు, నిజమే. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషమే లేదు. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. అలా బతికినవాళ్లు మంత్రం ఖాతాలో పడ్డారు. చచ్చిపోయినవాళ్లు విధి ఖాతాలో పడ్డారు.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అంటే ఏడాదికి సగటున సుమారు 58 వేల మంది. ఎక్కువ మంది పల్లెల్లోవాళ్లే. ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం తలపెట్టారు. ఆ పూనిక ఊరూరా మందు అందుబాటులో ఉందో లేదో చూడటానికి, పొలం వెళ్లేవాడికి బూట్లు, టార్చిలైటు, ఇంటికో దోమతెర ఇవ్వడానికి పెట్టాల్సింది. దోమతెరను పక్క కిందికి దోపుకుని పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు.

చాలా కాలం తర్వాత అత్త నన్ను కూడా అదే ప్రశ్న అడిగింది. "నువ్వు చదువుకున్నావు కదరా, నిజం చెప్పు" అంది. అబద్ధం చెప్పడం తేలికే. అయినా చెప్పలేదు. "బతికే అవకాశం ఉండేది అత్తా. యాంటీవీనమ్ వేసి, ఊపిరి అందేలా యంత్రం పెడితే చాలామంది బతుకుతారు. కానీ అది పాము అని నీకు తెలియదు. తెలియకపోవడం పాపం కాదు. నీకు ఎవరూ చెప్పకపోవడం మా అందరి తప్పు" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెప్పలు వాలడం గురించి మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

రెండేళ్ల క్రితం వాళ్ల వీధిలో ఒకమ్మాయి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచింది. రెప్పలు వాలుతున్నాయని గుర్తుపట్టింది మా అత్తే. మంత్రం మాట ఎత్తనివ్వకుండా 108కి ఫోన్ చేయించి, అమ్మాయితో పాటు తానూ ఆసుపత్రికి వెళ్లింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. అత్త ఇప్పుడు పేరంటాలకు వెళ్తోంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీ ఇంటి పక్కన ఉంటే అన్నం తీసుకెళ్లండి, పక్కన కూర్చోండి, ఏడవనివ్వండి. దోషం, ఖర్మ, పాపం అన్న మాటలు మాత్రం ఆ గడప బయటే వదిలేయండి. పాము కరిస్తే గాటు పెట్టకండి, బిగించి కట్టకండి. కదలకుండా పడుకోబెట్టి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మంత్రం కోసం ఒక్క నిమిషం కూడా ఆగకండి.