ప్యానల్ ఎవరైనా కొంటారు... కలిపేవాళ్లే కావాలి

ఇంటి మీద సోలార్ ప్యానల్స్ ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండ దంచేస్తోంది. కరెంటు పోయింది. ఇంట్లో ఫ్యాను తిరుగుతుందా?

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. 'ఎండ ఉంది కదా సార్, తిరుగుతుంది' అనేస్తారా? అయితే ఉద్యోగం చేజారినట్టే. బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపిన సోలార్ అయితే, లైనులో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం ఎక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాక్ కొట్టకూడదు కదా! అందుకే ఆ ఏర్పాటు. ఇంత చిన్న విషయం బీటెక్ ఎలక్ట్రికల్ పాసైన వాళ్లలోనూ చాలామంది ఆలోచించి ఉండరు. ప్యానల్ గురించి చదువుతాం గానీ, అది వెళ్లి కలిసే పాత ఏర్పాటు గురించి పట్టించుకోం.

2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఫైలు చేత పట్టుకుని అటు వెళ్లే కుర్రాళ్ల చూపంతా టెర్మినల్ మీదే. చెక్ ఇన్ కౌంటర్, కార్గో, సెక్యూరిటీ... అంతే. అదే ప్రాంగణంలో సోలార్ ప్లాంటు కూడా ఉంది. మొదట 5 మెగావాట్లతో పెట్టారు. 2021లో మరో 5 చేరి మొత్తం 10 మెగావాట్లయింది. విమానాశ్రయం అంతకుముందే నడుస్తోంది. దానికి గ్రిడ్ కరెంటు ఉంది, ఆపద సమయానికి బ్యాకప్ ఉంది. సోలార్ వచ్చి వాటి పక్కన చేరింది. ఇక్కడ తేడా వస్తే ఎంత ప్రమాదమో చూడండి. మంచు కమ్మి చూపు ఆననప్పుడు రన్‌వే మీది కొన్ని ముఖ్యమైన లైట్లకు, కరెంటు పోయిన ఒక్క సెకనులోపే బ్యాకప్ అందుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆ పని ఎండను నమ్ముకుంటే అవుతుందా? పైగా ప్యానల్ అద్దం మీది మెరుపు పైలట్ కళ్లలో పడకుండా కూడా చూసుకోవాలి. విమానాశ్రయాల దగ్గర ప్యానల్స్ ఏ కోణంలో పెట్టాలన్నది అందుకే ఒక ప్రత్యేకమైన లెక్క.

ఇంత పెద్ద వ్యవస్థ చూసి బెదిరిపోవద్దు. దీని అక్షరాభ్యాసం ఒక చిన్న పడవ మీద చేయొచ్చు.

కాకినాడ తీరంలో ఒక చేపల పడవ ఉందనుకుందాం. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఇంజిన్ తిరిగితే ఆల్టర్నేటర్ దాన్ని చార్జ్ చేస్తుంది. లంగరు వేసి ఉన్నప్పుడు లైట్ల కోసం ఇంజిన్ నడపాలంటే డీజిల్ దండగ. అందుకని యజమాని మడతపెట్టే 100 వాట్ల ప్యానల్ ఒకటి తెచ్చి 'కలిపి పెట్టు తమ్ముడూ' అన్నాడు. ఏం చేస్తారు?

ముందు వాడకం లెక్క. 10 వాట్ల లైట్లు రెండు, ఆరు గంటలు: 120 వాట్ అవర్లు. జీపీఎస్ 15 వాట్లు, ఎనిమిది గంటలు: మరో 120. ఫోన్లు, రేడియో కలిపి 60. మొత్తం 300. ప్యానల్‌కు రోజుకు నాలుగు గంటల పూర్తి ఎండ దొరికితే 400. వేడికి, వైర్లకు నాలుగో వంతు పోయినా 300 మిగులుతుంది. లెక్క సరిపోయింది. మరి మబ్బు పడితే? బ్యాటరీలో 1,200 ఉన్నా సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అంటే 600, రెండు రోజులకు వస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ తిప్పాల్సిందే. ఈ మాట యజమానికి ముందే చెప్పాలి.

తర్వాత వైరింగ్. ప్యానల్‌ను నేరుగా బ్యాటరీకి తగిలించకూడదు. మధ్యలో చార్జ్ కంట్రోలర్ ఉండాలి. దాన్ని బ్యాటరీ రకానికి తగ్గట్టు సెట్ చేయాలి. సాధారణంగా ముందు బ్యాటరీని, ఆ తర్వాతే ప్యానల్‌ను కంట్రోలర్‌కు కలపాలి. తీసేటప్పుడు వరుస తిరగేయాలి. బ్యాటరీ ప్లస్‌కు దగ్గర్లోనే ఫ్యూజు వేయాలి. కొయ్యస్తంభం నీడ ప్యానల్‌లో ఓ మూల పడినా కరెంటు బాగా పడిపోతుంది. ఉప్పుగాలికి కనెక్షన్లు తుప్పు పడతాయి. ఇవన్నీ చూసుకున్నాకే పని అయినట్టు.

ఇది చిన్న పడవలకే పరిమితం కాదు. కేరళలో వైకోమ్ దగ్గర 2017లో 75 మందిని ఎక్కించుకునే సోలార్ పడవ 'ఆదిత్య' నీళ్లలోకి దిగింది. ఇక 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. ఆ కోటి ఇళ్లకూ పాత వైరింగ్ ఉంది, పాత మీటరుంది, చాలాచోట్ల పాత ఇన్వర్టర్ కూడా ఉంది. అవన్నీ చూసి, సరిగ్గా కలిపే చేతులు కావాలి.

మరి మీరేం చేయాలి? ఐటీఐ, డిప్లొమా వాళ్లు జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన 'సూర్యమిత్ర' శిక్షణ గురించి ఆరా తీయండి. బీటెక్ వాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొనడం మానేసి నలుగురు కలిసి ఓ చిన్న ప్యానల్, కంట్రోలర్, మల్టీమీటర్ కొనుక్కోండి. హాస్టల్ మేడ మీద పెట్టి నెల రోజులు రీడింగులు రాయండి. మబ్బు రోజు ఎంత వచ్చింది, దుమ్ము తుడిచాక ఎంత పెరిగింది, అన్నీ తేదీలతో సహా. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌తో పాటు ఆ నోట్‌బుక్కూ బల్ల మీద పెట్టండి.

విమానాశ్రయంలో ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బులడిగే దళారులకు పోసే సొమ్ములో కొంత చాలు, ఈ సామాను వచ్చేస్తుంది. ఆ దళారి రేపు ఫోనెత్తకపోవచ్చు. నేర్చుకున్న పని మాత్రం మీ దగ్గరే ఉంటుంది.