శేషం పది బస్తాలు

"పల్లె పిల్లలకు లెక్కల బుర్ర లేదు" అనే మాట సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్‌లో ఉపాధ్యాయుల నోటనే విన్నాను. అన్నవాళ్లలో అభ్యుదయవాదులమని చెప్పుకునే వాళ్లు గూడా వున్నారు. యిది అబద్ధం. అంతకన్నా ముఖ్యంగా, మన తప్పును పిల్లల నెత్తిన రుద్దే మాట.

నేనూ లెక్కలు చెప్పేవాణ్ణే. తొమ్మిదో తరగతిలో వొకరోజు పుస్తకంలో లేని లెక్క యిచ్చాను. 460 వడ్ల బస్తాలు. ట్రాక్టరుకు ట్రిప్పుకు 75 పడతాయి. కొనుగోలు కేంద్రానికి చేర్చడానికి యెన్ని ట్రిప్పులు? "సార్, ఇది ఏ పాఠంలది?" అన్నదే మొదటి ప్రశ్న. తర్వాత అందరూ భాగించారు. చాలామంది జవాబు: 6, శేషం 10.

వాళ్లలో వొక అమ్మాయిని సాయంత్రం అడిగాను: "ఏమ్మా, మీ వడ్లే అయితే ఆ పది బస్తాలు కల్లంలనే వదిలేస్తారా?"

"ఎందుకిడుస్తం సారూ? ఇంకో ట్రిప్పు కొట్టాలె. కిరాయి దండుగనుకుంటే ఆరు ట్రిప్పులల్ల రెండేసి ఎక్కువ సర్దాలె."

శేషాన్ని పంచింది, కిరాయి గూడా లెక్కలోకి తెచ్చింది. మరి యీ బుర్ర నా క్లాసులో యెందుకు మూగబోయింది?

పల్లెటూరు కావడం వల్ల కాదు. 1983లో వెలువడిన అమెరికా జాతీయ పరీక్షా ఫలితాలు చూడండి. 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, యెన్ని బస్సులు? 13 యేళ్ల పిల్లల్లో నూటికి 70 మంది భాగహారం సరిగ్గానే చేశారు. 29 మంది "31, శేషం 12" అని రాశారు. 32 బస్సులన్నది 23 మందే!

1945లోనే జార్జ్ పోల్యా సమస్యా సాధనకు నాలుగు మెట్లు చెప్పాడు: సమస్యను అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, ఆ దారిన లెక్క చేయడం, వచ్చినదాన్ని మళ్లీ పరిశీలించడం. మన బడి మూడో మెట్టును మాత్రమే వుంచుకుంది. మొదటి రెండూ గైడు చేసిపెడుతుంది. నాలుగోది మార్కులేసే వాడి పని. మధ్యనున్న కూలిపని పిల్లవాడిది.

"సూత్రాలు రానిదే సమస్యలెలా?" అంటారు. నిజమే, భాగహారం రాకపోతే ఆ అమ్మాయికి శేషమే దొరికేది కాదు. కాని యే సూత్రం యెక్కడ పనికొస్తుందో తేల్చుకునే హక్కు యెన్నడూ యివ్వకుండా, తేల్చుకోలేదని నిందించడం యేం న్యాయం?

యీ పద్ధతి గైడు అమ్మేవాడికి లాభం, చెప్పిన పని మాత్రమే చేసే చేతులు కోరేవాడికి మరీ లాభం. దాన్ని సభల్లో ఖండించి, మర్నాడు క్లాసులో మాడల్ పేపరు బట్టీ పట్టించే మనం యెవరి పక్షం?

మిత్రులారా, వారానికొక గంట చాలు. పాఠం పేరు చెప్పకుండా వొక లెక్క యివ్వండి. పిల్లల్ని తమ మాటల్లో వాదించుకోనివ్వండి. జవాబు వచ్చాక "యిది కుదురుతుందా?" అని వాళ్లనే అడగండి. ఆ గంటకు మార్కులు వేయకండి. నేను మొదలుపెట్టాను. "ఇది ఏ పాఠంలది?" అనే ప్రశ్న యింకా వినబడుతూనే వుంది. అది ఆగేదాకా తప్పు నాదే, పిల్లలది కాదు.